రెండోసారి దగ్గర

ఇరవై రెండేండ్లు దొరసామన్న అరిచినాడు, నేను రాసినాను.
చిత్తూరు బెల్లం మండీలో మా ఇద్దరి పనీ అంతే.
ఆయన నోట్లోనుంచి అంకె పడే లోపలే
నా పెన్ను కాగితం మీద ఉండేది.
అది ఆ నోటిదాకా ఎట్ట వస్తుందో
ఏనాడూ అడగలేదు.

మాఘమాసం, సరుకు బాగా దిగిన పొద్దు,
ముప్పైఎనిమిది అనబోయి
ముప్పై కాడ నిలబడిపోయినాడు.
కుడిచేతిలో బెల్లం తునక జారి గోనె మీద పడింది.
నేను ముప్పై అని రాసి, కామా పెట్టి, కాచుకున్నాను.
ఆ కామా ఇంకా పుస్తకంలోనే ఉంది.

తిరుపతి ఆస్పత్రిలో, మాట నేర్పే పిల్ల, పేరు నీరజాక్షి,
మా మండీ రసీదు వెనకాలే బొమ్మ గీసింది.
ఎడమ కణత లోపల, రూపాయి బిళ్లంత చోటు,
అక్కడికి నెత్తురు అందలేదంట.
బెల్లమంటే ఏందో ఆయనకు తెలుసంట.
తెలిసినదాన్ని వరసపెట్టి నోటికి పంపే మేస్త్రీ
పడిపోయినాడంట, అంతే.

"మాటంటే గాలే సార్.
ఒళ్లు వాడుకోని, ఇంక వద్దని వదిలేసే గాలి."
మా నాయన గానుగ కండ్లముందుకొచ్చింది.
రసం పిండిన పిప్పినే ఎండబెట్టి
పెనం కింద పొయ్యిలోకి తోసేవాళ్లం.
చెరుకు విడిచిన చెత్తతోనే
చెరుకు తీపెక్కేది.

ఆ గాలి గొంతెక్కుతుంది.
అక్కడ గోరంత పొరలు రెండు
దగ్గరికి జరిగి, సెకనుకు నూరుసార్లు పైనే కొట్టుకుంటాయి.
అప్పటికది ఉత్త మోత. కాగిన పాకం.
నాలుక లేచీ వంగీ, పెదాలు గుండ్రమై సాగీ
దానికి అచ్చు పెడతాయి.
ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన అచ్చులు
బెల్లం అచ్చులేనని
యాభైమూడేండ్లకు తెలిసింది నాకు.

"బెల్లం అనండి" అంటుంది నీరజాక్షి.
అద్దం ముందు నేనూ అని చూసుకున్నాను.
బ అనాలంటే పెదాలు మూసి తెరవాల.
నాలుక కొన పైపండ్ల వెనక ఆని నిలవాల.
సున్నకు మళ్లీ పెదాలు మూయాల, ముక్కులో గాలి పోవాల.
ఇంత పనుందా, ఈ రెండక్షరాల్లో!
దొరసామన్న పె అన్నాడు, మె అన్నాడు,
చెమటలు కక్కినాడు.
బెల్లం కండ్లలో ఉంది. నోటికి రాలేదు.

అదే మనిషి, సూది పొడిస్తే,
నర్సమ్మను తిట్టిన తిట్టు
ఒత్తు పోకుండా, దీర్ఘం తగ్గకుండా వచ్చింది.
వాళ్లావిడ కుప్పమ్మ ఏడుస్తానే నవ్వింది.
"తిట్టుకు వేరే దోవుంటుంది సార్," అనింది ఆ పిల్ల,
"వరసలెక్కకూ, పాటకూ అంతే.
నోరు అరిగేదాకా అన్నవి
పక్కదారిన కూడా నడిచొస్తాయి."

పాటకూ!
వేలాన్ని మనం పాటనే కదా అంటాము.

సంతపేటలో వాళ్లింటికి
మొన్న బేస్తవారం ఒక దిమ్మ పట్టుకుపోయినాను.
మంచం ముందర గోనె పరిచి, దిమ్మ పెట్టి,
పుస్తకం తెరిచి పెన్ను మూత తీసినాను.
"కిలో ముప్పైఎనిమిది. పాట నీదేనన్నా."

చానాసేపు ఏమీ లేదు.
కుక్కర్ రెండు కూతలు కూసింది.
రొమ్ము పైకి లేచింది.
"ఒకటోసారి."
ఆ గొంతే. కుడిమూతి కొంచెం ఈడ్చుకుంటా ఉంది, గొంతు మాత్రం అదే.
"రెండోసారి."

అక్కడ ఆగినాడు.
మండీలో అయినా అక్కడ ఆగేవాడే,
ఇంకొక చెయ్యి లేస్తుందేమోనని నలుదిక్కులా చూసేవాడు.
ఇప్పుడది ఆగడమో, అడ్డంపడటమో
ఇరవై రెండేండ్లు పక్కన కూర్చున్న నాకే తేలలేదు.
"మాట అందీయొద్దు సార్, ఆయన్నే వెతుక్కోనీండి"
అని నీరజాక్షి గట్టిగా చెప్పి పంపింది.

అందీయలేదు.
నా పెదాలు మాత్రం, నన్నడగకుండానే,
మూ కోసం మూసుకోనున్నాయి.